గిటార్ అమ్మేస్తానంటున్న తమ్ముడు

ప్రశ్న: మాది విజయవాడ. నాన్న రిటైర్డ్ టీచర్. తమ్ముడికి ఇరవై ఏడేళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంజినీరింగ్ రోజుల నుంచీ సొంతంగా పాటలు రాసుకుని గిటార్ మీద పాడతాడు, శని ఆదివారాల్లో కేఫుల్లో చిన్న చిన్న షోలు చేస్తాడు. ఏడాదిగా ఖురాన్ చదువుతున్నాడు, శుక్రవారం మసీదుకు వెళ్తున్నాడు. ఈమధ్య ఇంటికొచ్చి ఇస్లాం తీసుకుంటానని చెప్పాడు. ప్రేమ వ్యవహారం లేదు, ఎవరి బలవంతమూ లేదు. అప్పటి నుంచి నాన్న వాడితో మాట్లాడటం మానేశారు. అమ్మకి ఒకటే ఏడుపు. పాటలు కూడా మానేస్తాడట, గిటార్ ఓఎల్ఎక్స్‌లో పెట్టాడు. అది నా మొదటి జీతంతో కొనిచ్చింది. గట్టిగా అడిగితే "క్యాట్ స్టీవెన్స్ గురించి చదువక్కా, అంత పేరున్నవాడే అన్నీ వదిలేశాడు" అంటున్నాడు. ఎవరాయన? ఆయన చేసింది రైటేనా? వీణ్ణి ఎలా ఆపాలి?
— ఓ అక్క

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో రెండు సంగతులు కలిసిపోయాయి. మీ తమ్ముడు ఇస్లాంలోకి వెళ్లాలనుకోవడం ఒకటి. పాట మానేసి గిటార్ అమ్మేయాలనుకోవడం ఇంకొకటి. ఇంట్లో అందరూ మొదటిదాని మీదే పడ్డారు. నన్నడిగితే ఇప్పుడు పట్టించుకోవాల్సింది రెండోదాన్ని. ఏడాది పాటు చదివి, ఇంటికొచ్చి, ఎదురుగా కూర్చుని చెప్పాడంటే అది దొంగచాటుగా చేసిన పని కాదు. ఇరవై ఏడేళ్లవాడి నమ్మకాన్ని మీరు ఆపలేరు, ఆపే హక్కు కూడా మీకు లేదు. గిటార్ విషయంలో మాత్రం మీ మాట చెల్లొచ్చు. దానికి వాడు చూపించిన మనిషి కథే పనికొస్తుంది, ఎందుకంటే వాడు దాన్ని సగం దాకా చదివి ఆపేసినట్టున్నాడు.

క్యాట్ స్టీవెన్స్ సొంత పాటలు రాసుకుని పాడే బ్రిటన్ పాటగాడు. అసలు పేరు స్టీవెన్ డెమెత్రీ జార్జియూ. 1948లో లండన్‌లో పుట్టాడు. తండ్రి సైప్రస్ నుంచి వచ్చిన గ్రీకు, తల్లి స్వీడన్ ఆవిడ. లండన్ నడిబొడ్డున, థియేటర్లుండే షాఫ్ట్స్‌బరీ అవెన్యూలో వాళ్లకో రెస్టారెంట్ ఉండేది. కింద హోటలు, పైన ఇల్లు. తండ్రిది గ్రీకు ఆర్థడాక్స్ చర్చి, తల్లిది బాప్టిస్టు, పిల్లాణ్ణి చేర్పించింది కేథలిక్ బడిలో. పద్దెనిమిదేళ్లకే రికార్డులు రావడం మొదలైంది. 1967లో 'మాథ్యూ అండ్ సన్' పాట బ్రిటన్ చార్టులో రెండో స్థానం దాకా వెళ్లింది. టూర్లు, టీవీ, తాగుడు, నిద్ర లేని రాత్రులు. ఇరవై ఏళ్లు నిండీ నిండకుండానే క్షయ పట్టుకుంది. చావు దాకా వెళ్లాడు.

మిడ్‌హర్స్ట్ అనే ఊళ్లోని ఆస్పత్రిలో కొన్ని నెలలు, ఆ తర్వాత చాలాకాలం ఇంట్లో మంచం మీద. చేసే పని లేదు. అప్పుడే ధ్యానం, బౌద్ధం పుస్తకాలు పట్టుకున్నాడు, మాంసం మానేశాడు, కుప్పలుగా పాటలు రాశాడు. బయటికి వచ్చేసరికి గడ్డం, చేతిలో మామూలు చెక్క గిటార్, గొంతులో ఇంకో మనిషి. వెనక పెద్ద ఆర్కెస్ట్రా లేదు. 1970లో వచ్చిన 'టీ ఫర్ ద టిల్లర్‌మన్', 1971లో వచ్చిన 'టీజర్ అండ్ ద ఫైర్‌క్యాట్' ఆయన్ని ప్రపంచమంతా తీసుకెళ్లాయి. జానపద బాణీనీ రాక్‌నీ కలిపే ఫోక్-రాక్ సంగీతంలో ఈ రెండు ఆల్బమ్‌లూ ఇప్పటికీ పెద్ద బాలశిక్ష లాంటివి.

పేరొచ్చాక వెతుకులాట ఆగలేదు. 1972 ఆల్బమ్‌కి జెన్ బౌద్ధుల ఎద్దు బొమ్మల కథలోంచి పేరు తీసుకున్నాడు. 1974 ఆల్బమ్ పేరులో బుద్ధుడున్నాడు. 1975 ఆల్బమ్ నిండా సంఖ్యాశాస్త్రం. అవన్నీ వరసగా చూస్తే ఆయన ఏ గుమ్మం తర్వాత ఏ గుమ్మం ఎక్కాడో తెలుస్తుంది.

ఆ రోజుల్లోనే కాలిఫోర్నియాలో మాలిబు సముద్రంలో ఈతకు దిగాడు. ప్రవాహం లోపలికి లాగేసింది. చేతుల్లో సత్తువ అయిపోయింది, ఒడ్డు అందడం లేదు. దేవుడా, బతికిస్తే నీ పని చేస్తానని మొక్కుకున్నాననీ, అప్పుడే ఓ అల వచ్చి ఒడ్డు వైపు నెట్టిందనీ ఆయన ఎన్నోసార్లు చెప్పాడు. అందరూ ఈ కథనే చెప్పుకుంటారు, సినిమాలో సీనులా ఉంటుంది కాబట్టి. కానీ అలతో ఆయన ముస్లిం అయిపోలేదు. ఆ తర్వాత ఆయన అన్న డేవిడ్ జెరూసలేం వెళ్లొచ్చి, తమ్ముడి పుట్టినరోజుకి ఓ ఖురాన్ తెచ్చిచ్చాడు. ఇచ్చింది ఇంటి మనిషే, గమనించండి. ఆయన ఏడాదికి పైగా దాన్ని ఒంటరిగా చదువుకున్నాడు. అందులో యూసుఫ్ కథ ఉంటుంది. అన్నలు బావిలో తోసేస్తే, బాటసారులు తీసి సంతలో అమ్మేసిన కుర్రాడి కథ. అది చదివి ఏడ్చేశానన్నాడు. పద్దెనిమిదేళ్ల వయసు నుంచి మార్కెట్లో సరుకుగా తిరుగుతున్న కుర్రాడికి ఆ కథ తగలడంలో ఆశ్చర్యమేముంది? 1977 డిసెంబరులో ఇస్లాం స్వీకరించాడు, మరుసటి ఏడాది పేరు మార్చుకుని యూసుఫ్ ఇస్లాం అయ్యాడు.

ఇక మీ తమ్ముడు చెప్పే భాగం. 1978లో ఒప్పందం ప్రకారం ఆఖరి ఆల్బమ్ ఇచ్చేశాడు. 1979 నవంబరులో లండన్ వెంబ్లీలో పిల్లల కోసం యునిసెఫ్ పెట్టిన కచేరీలో పాడి దిగిపోయాడు. తర్వాత గిటార్లు వేలం వేయించి డబ్బు దానధర్మాలకు ఇచ్చేశాడు. పాట మానేసేనాటికి ముప్పై ఒక్కేళ్లు. మీవాడు ఇక్కడ పుస్తకం మూసేశాడు.

ముందు వెనక్కి వెళ్లి ఓ సంగతి చూద్దాం. ఆ రోజుల్లో పాట మానెయ్యమని ఆయనకు ఖచ్చితంగా చెప్పినవాళ్లున్నారు, అక్కర్లేదన్నవాళ్లూ ఉన్నారు. తన మసీదు ఇమామే, పాటల్లో నీతి తప్పకపోతే మానక్కర్లేదన్నాడని ఆయన చెప్పుకున్నాడు. సంగీతం గురించి ముస్లిం పండితుల్లో వందల ఏళ్ల నుంచీ వాదం నడుస్తోంది. వాద్యాలన్నీ వద్దనేవాళ్లున్నారు, డప్పు వరకు పర్లేదనేవాళ్లున్నారు, కవ్వాలీలో మునిగి తేలే సూఫీలున్నారు. ఆయన కఠినమైన దారి ఎంచుకున్నాడు. దానికి మతం ఒక్కటే కారణమని నేననుకోను. ఆ వ్యాపారం మీద అప్పటికే విరక్తి పుట్టింది. స్టార్‌గా ఉండటం వద్దనుకున్న మనిషికి పాట వద్దని చెప్పే మాట దొరికితే సులువుగా పట్టుకుంటాడు. ఇంకోటి, ఆయన పాత పాటల రాయల్టీలు వస్తూనే ఉన్నాయి. ఆ డబ్బుతోనే సేవాకార్యక్రమాలు నడిపాడు. మీ తమ్ముడికి జీతం వచ్చేది ల్యాప్‌టాప్ మీద, గిటార్ మీద కాదు. కాబట్టి ఆయన వదిలింది వేరు, మీవాడు వదలబోయేది వేరు. మీవాడికి డబ్బుతో గానీ ఆఫీసుతో గానీ సంబంధం లేకుండా తనదంటూ ఉన్నది ఆ పాటొక్కటే.

ఇక మిగతా సగం కథ. మానేసిన ఏళ్లు వృథా పోయాయని చెప్పను. పెళ్లి చేసుకున్నాడు, పిల్లలు పుట్టారు. 1983లో లండన్‌లో ముస్లిం పిల్లల కోసం ఇస్లామియా అనే బడి పెట్టాడు. చర్చి బడులకిచ్చినట్టే తమకూ ప్రభుత్వ నిధులివ్వమని ఏళ్ల తరబడి తిరిగి, 1998లో సాధించాడు. అక్కడ అలా నిధులు పొందిన మొదటి ముస్లిం బడుల్లో అదొకటి. అది చిన్న పనేం కాదు.

ఆ మధ్యలోనే యూరప్‌లో బోస్నియా యుద్ధం వచ్చింది. ఆ దేశపు విదేశాంగ మంత్రి ఇర్ఫాన్ లుబియాంకిచ్ ఆయనకో క్యాసెట్ ఇచ్చాడు. అందులో ఆ మంత్రి సొంతంగా కట్టిన పాట ఉంది. 1995లో ఆ మంత్రి ఎక్కిన హెలికాప్టర్‌ని కూల్చేశారు, ఆయన చనిపోయాడు. తుపాకుల మధ్య జనం పాటతో గుండె నిలుపుకోవడం యూసుఫ్ కళ్లారా చూశాడు. పాట పాపమన్న మాట అక్కడ వదులైంది. ఆ మంత్రి పాట పేరుతోనే బోస్నియా కోసం ఆల్బమ్ తెచ్చాడు.

ఆ తర్వాత కొన్నేళ్లకు కొడుకు ఇంట్లోకి గిటార్ తెచ్చాడు. ఓ తెల్లవారుజామున నమాజు అయ్యాక, ఎవరూ చూడనప్పుడు, తండ్రి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. వేళ్లు తీగల స్థానాలు మర్చిపోలేదట. 2006లో ఆల్బమ్ వచ్చింది, దానికి ముందు పాప్ ఆల్బమ్ 1978లోది. అంటే 28 ఏళ్లు. ఖురాన్‌లో సంగీతాన్ని నేరుగా నిషేధించిన మాట తనకు కనిపించలేదనీ, అసలు గిటార్ యూరప్‌కి వచ్చిందే ముస్లింల కాలపు స్పెయిన్ మీదుగా అనీ తర్వాత ఆయనే వాదించాడు. 2014లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. 2023లో, 74 ఏళ్ల వయసులో, ఇంగ్లండ్‌లోని గ్లాస్టన్‌బరీ సంగీత వేడుకలో వేల మంది ముందు పాత పాటలు పాడాడు. నమాజు మానలేదు, పాటా మానలేదు.

ఆయన చేసింది రైటేనా అని అడిగారు. ఇస్లాంలోకి వెళ్లడం గురించి తీర్పు చెప్పడానికి నేనెవర్ని. పాట పూర్తిగా ఆపేయడం మాత్రం తొందరపాటని నా అభిప్రాయం. 1979 నాటి మనిషి కంటే 2006 నాటి మనిషికి తన మతం గురించి ఎక్కువ తెలుసు, ఆ తెలిసినవాడు గిటార్ పట్టుకున్నాడు. ఇది మీ తమ్ముడితో చెప్పండి. ఎగతాళిగా చెప్పకండి. "చూశావా, మీ ఆయన కూడా వెనక్కొచ్చాడు" అన్నారంటే అంతే సంగతులు. ఆయన మతం నుంచి వెనక్కి రాలేదు. మతంలో ఇంకా లోపలికి వెళ్లాక పాట మళ్లీ కనపడింది. వాడికి నచ్చే తేడా అది.

ఇంత దూరం లండన్ కథలే అక్కర్లేదు కూడా. ఎ.ఆర్. రెహమాన్ దిలీప్ కుమార్‌గా పుట్టి, కుర్రవయసులో కుటుంబంతో సహా ఇస్లాంలోకి వెళ్లినవాడు. మన కడప పెద్ద దర్గాకి ఎన్నోసార్లు వచ్చాడు. ఆయనకు సంగీతానికీ నమాజుకీ మధ్య తగాదా రాలేదు. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి, గుళ్లల్లో నాదస్వరం వాయించి, సంగీత కళానిధి అయ్యాడు. పొన్నెకల్లు నాజర్ తంబురా భుజాన వేసుకుని బుర్రకథతో ఊళ్లకు ఊళ్లను నిద్ర పోనివ్వలేదు. వీళ్లెవరూ ముస్లింలు కాకుండా పోలేదు. మీవాడు ముస్లిం అయితే ఆ ఇంటి పెద్దల్లో వీళ్లూ ఉంటారు.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది. ఆ ప్రకటన తీసెయ్యమని పోట్లాడకండి. "నేను కొనిచ్చింది, పరాయివాళ్లకెందుకు, నాకిచ్చెయ్. నీకు కావాలంటే అడుగు, వద్దంటే నా దగ్గరే ఉంటుంది" అనండి. తీసుకొచ్చి బీరువా మీద పెట్టెయ్యండి. వాడొచ్చినప్పుడల్లా తీసి చూపించకండి, దాని గురించి ఎత్తనే ఎత్తకండి. యూసుఫ్ గిటార్లు వేలంలో పోయాయి. కొడుకు తేకపోతే ఏమయ్యేదో!

కేఫుల్లో పాడటం ఇబ్బందిగా ఉందేమో కూడా అడిగి చూడండి. పక్క టేబుల్ మీద బీరు, వినేవాళ్ల చేతుల్లో ఫోన్లు. కొత్తగా నమాజు మొదలుపెట్టినవాడికి ఆ చోటు పొసగకపోవచ్చు. చోటు మానేస్తే సరిపోయేదానికి పాటే మానేస్తున్నాడేమో. ఇంట్లో కూర్చుని పాట రాసుకోవడానికి అడ్డేముందో వాణ్ణే ఆలోచించుకోనివ్వండి.

మీ నాన్నగారి మౌనం నాకు ఎక్కువ టెన్షన్ పెడుతోంది. యూసుఫ్ 'టీ ఫర్ ద టిల్లర్‌మన్' ఆల్బమ్‌లో 'ఫాదర్ అండ్ సన్' అని ఒక పాటుంది. తండ్రీ కొడుకులిద్దరి మాటలనూ ఒకే గొంతుతో పాడతాడు. తండ్రి వంతు కింది స్థాయిలో, నింపాదిగా. కొడుకు వంతు పైస్థాయిలో, గొంతు పగిలేలా. తండ్రి తొందరపడకు, కుదురుకో అంటాడు. కొడుకు నేను వెళ్లాలి అంటాడు. పాట అయిపోతుంది, ఒకరి మాట ఒకరికి చేరదు. రాసినప్పుడు ఆయనకు ఇరవై రెండేళ్లు లోపే. అదే ఆల్బమ్‌ని మళ్లీ రికార్డు చేసి 2020లో తెచ్చినప్పుడు తండ్రి మాటలు డెబ్బై దాటిన గొంతుతో పాడాడు. కొడుకు మాటలకు మాత్రం 1970లో లాస్ ఏంజెలెస్‌లో పాడిన తన కుర్రగొంతునే తీసి కలిపాడు. మీ నాన్నగారు టీచరు కాబట్టి ఇంగ్లిష్ పాటని కొట్టిపారెయ్యకుండా కూర్చుని వింటారనుకుంటాను. వినిపించి ఊరుకోండి, నీతి బోధించకండి. తర్వాత ఒక్క మాట అడగండి: మతం మారినందుకు కొడుకు పోలేదు కదా, మాట్లాడకపోతే పోతాడేమో, చూసుకుంటున్నారా అని.

అమ్మగారితో వేరే సంగతి. ఆవిడ భయం మతం గురించి కన్నా పండగల గురించి అయ్యుంటుంది. వాడు ఇక సంక్రాంతికి రాడేమో, రేపు తన తద్దినం పెట్టడేమో. రెండోదానికి నా దగ్గర జవాబు లేదు, వాడూ ఆవిడా మాట్లాడుకోవాలి. మొదటిదానికి మాత్రం ఉంది: పిలవండి. ప్రసాదం వద్దంటే బలవంతపెట్టకండి, బొబ్బట్లు పెట్టండి. వాడు కూడా భోజనాల దగ్గర ఉపన్యాసాలివ్వకూడదు. కొత్త నమ్మకం వచ్చినవాళ్లకు ఆ జబ్బు ఉంటుంది, ఏ మతమైనా.

ఉపన్యాసాలన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. 1989లో నవలా రచయిత సాల్మన్ రష్దీని చంపాలని ఇరాన్ అధినేత ఖొమైనీ ఫత్వా, అంటే మతాదేశం, ఇచ్చినప్పుడు, ఓ విద్యార్థుల సభలో యూసుఫ్‌ని దాని గురించి అడిగారు. ఆయన శాస్త్రం ఏమంటుందో చెప్పబోయాడు. రష్దీ హత్యను యూసుఫ్ సమర్థిస్తున్నాడని పేపర్లలో వచ్చింది. తానెప్పుడూ సమర్థించలేదని ఆయన ఇప్పటికీ అంటాడు. కానీ అదే ఏడాది ఓ టీవీ కార్యక్రమంలో అన్న మాటలు మరీ ఘోరం. అవి మోటు జోకులని తర్వాత సర్దిచెప్పుకున్నా, నాకు మింగుడుపడలేదు. అమెరికాలో కొన్ని రేడియో స్టేషన్లు ఆయన పాటలు వేయడం మానేశాయి. అప్పటికి పదకొండేళ్ల కిందట మతంలోకి వచ్చిన పాటగాణ్ణి ఆ మతం తరఫున వకీలులా నిలబెడితే జరిగేది ఇదే. మీ తమ్ముణ్ణి కూడా ఆఫీసులో, కాలేజీ వాట్సాప్ గ్రూపులో రోజుకొకడు నిలబెడతాడు. టీవీలో ఏ మూల ఏం జరిగినా "దీనికేమంటావ్" అని. జవాబు చెప్పనక్కర్లేదని వాడికి ముందే చెప్పండి. ఫేస్‌బుక్‌లో ప్రకటనలూ వద్దు. ఇంట్లో మీరు కూడా వాణ్ణి ఆ ప్రశ్నలు అడగకండి.

పేరు సంగతి కూడా వస్తుంది. యూసుఫ్ ఇంటిపేరూ, స్టేజీ పేరూ వదిలేసి కొత్త పేరు పెట్టుకున్నాడు, తర్వాత ఒట్టి 'యూసుఫ్' అన్నాడు, 2017 నుంచి ఆల్బమ్‌ల మీద యూసుఫ్, క్యాట్ స్టీవెన్స్ రెండూ పక్కపక్కనే వేసుకుంటున్నాడు. మీవాడికి ఆధార్, పాన్, పాస్‌పోర్టు, ఆఫీసు రికార్డులు, డిగ్రీ సర్టిఫికెట్లు అన్నీ మార్చుకోవడమంటే తలనొప్పి పని. నమ్మకానికి ఆ కాగితాలతో పని లేదు, కాబట్టి ఆ పని వచ్చే ఏడాదికి పెట్టుకోమనండి. ఇంట్లో ఏ పేరుతో పిలవాలో వాణ్ణే అడగండి. చిన్నప్పటి ముద్దుపేరుంటే దానికి వాడు అభ్యంతరం చెబుతాడని నేననుకోను.